కొత్త టాపిక్ వద్దు, పాత ప్రశ్ననే మళ్లీ కొలవండి

ఎం.ఏ. సైకాలజీ చివరి సెమిస్టర్ పిల్లలైనా, ఎం.పీ.ఈడీ. రెండో ఏడాది పిల్లలైనా, ప్రాజెక్టు అనగానే మొదట అడిగేది ఒకటే. "ఇంతవరకూ ఎవరూ చెయ్యని టాపిక్ ఏదైనా ఉంటే చెప్పండి మేడం." తిరుపతిలో క్యాంపస్‌ల చుట్టూ ఏళ్ల తరబడి ఇదే వింటున్నాను. ఇందులో పిల్లల తప్పు లేదు. వాళ్లు అలా అడిగేలా తయారు చేసింది డిపార్ట్‌మెంట్లే. సినాప్సిస్‌లో, అంటే ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఇచ్చే ప్రణాళికలో, "ఈ అంశంపై ఇంతకుముందు పరిశోధన జరగలేదు" అని ఒక వాక్యం ఉండి తీరాలి, లేకపోతే సంతకం పడదు. ఈ పట్టింపే మన ప్రాజెక్టులను ఎవరికీ పనికిరాకుండా చేస్తోందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎవరూ చెయ్యని టాపిక్ కోసం నెలంతా వెతకడం మానేసి, ఇప్పటికే నలుగురు చేసి వదిలేసిన ప్రశ్న ఒకటి తీసుకుని, అదే పద్ధతిలో అదే కొలతలతో మళ్లీ చెయ్యాలి. వచ్చే ఏడాది బ్యాచ్ కూడా అదే చెయ్యాలి, ఆ పై ఏడాది బ్యాచ్ కూడా. అదీ సైకాలజీ వాళ్లు, ఫిజికల్ ఎడ్యుకేషన్ వాళ్లు కలిసి చెయ్యాలి.

నేను సైకాలజీ చదువుకుని డిగ్రీ పిల్లలకి అదే చెబుతున్నాను. మా తమ్ముడు పుత్తూరు దగ్గర హైస్కూల్లో పీఈటీ. పండక్కి కలిసినా, పెళ్లిలో కలిసినా మా ఇద్దరి మాటలు చివరికి ఇక్కడికే చేరతాయి. "అక్కా, మీవాళ్లు మనసును కొలుస్తారు, మావాళ్లు గుండెను కొలుస్తారు, రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి కదా, కలిపి ఎందుకు కొలవరు?" అంటాడు వాడు. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య దూరం తప్ప వేరే కారణమేమీ కనిపించదు.

ఇప్పుడు జరుగుతున్నది ఏమిటో చెప్పాలి. సైకాలజీలో అయితే టాపిక్ ఖాయం కాగానే రెండు క్వశ్చనీర్లు దొరకబుచ్చుకుంటారు. నూట ఇరవై జిరాక్స్ కాపీలు తీసి, ఒక సాయంత్రం హాస్టల్‌కి వెళ్లి పంచుతారు. భోజనానికి వెళ్లే తొందరలో ఉన్న పిల్లలు టిక్కులు పెట్టేసి ఇచ్చేస్తారు. ఎస్పీఎస్ఎస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే టీ-టెస్ట్ (రెండు గ్రూపుల సగటుల మధ్య తేడా చూసే లెక్క) వస్తుంది, అబ్బాయిలకీ అమ్మాయిలకీ తేడా ఉందనో, పల్లెవాళ్లకీ పట్నంవాళ్లకీ తేడా లేదనో రాస్తారు, హార్డ్ బైండింగ్, వైవా, బీరువా. ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో పన్నెండు వారాల యోగా, అది చేసే ముప్పై మంది ఎక్స్‌పెరిమెంటల్ గ్రూపు, చెయ్యని ముప్పై మంది కంట్రోల్ గ్రూపు, ముందూ వెనకా పల్స్, ఊపిరి బిగపట్టే సమయం, ఆందోళన స్కోరు. విడివిడిగా చూస్తే వీటిలో దేన్నీ తీసిపారెయ్యలేం, కొందరు పిల్లలు ప్రాణం పెట్టి చేస్తారు. కానీ ఒక ఏడాది చేసినదానికీ మరుసటి ఏడాది చేసినదానికీ సంబంధం ఉండదు. బీరువాలో ఇరవై ఏళ్ల ప్రాజెక్టులున్నా "తిరుపతి డిగ్రీ విద్యార్థి ఫిట్‌నెస్ పదేళ్లలో పెరిగిందా, తగ్గిందా?" అని అడిగితే వాటిలోంచి జవాబు తీయలేం. ఏ రెండింటిలోనూ కొలిచిన తీరు ఒకటి కాదు.

ముప్పై, ముప్పై అన్న లెక్క సంగతి. మన థీసిస్‌లలో ఈ అంకె ఆచారంలా స్థిరపడిపోయింది. రెండు గ్రూపుల మధ్య నిజంగానే ఒక మోస్తరు తేడా ఉందనుకుందాం, అంటే స్టాటిస్టిక్స్ పుస్తకాలు ఎఫెక్ట్ సైజు 0.5 అని చెప్పేటంత. ఆ తేడాను 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే ఒక్కో గ్రూపులో 64 మంది కావాలి. ముప్పై మందితో చేస్తే పట్టుకునే అవకాశం సగానికి కూడా రాదు. అంటే యోగా నిజంగా పని చేసినా సగానికి పైగా ప్రాజెక్టుల్లో "తేడా లేదు" అనే రావాలి. మరి బీరువాలో దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ తేడా ఎలా వచ్చింది? ఈ ప్రశ్న వైవాలో ఎవరూ అడగరు. ఒక విద్యార్థి ఒక్క సెమిస్టర్‌లో 128 మందిని పన్నెండు వారాలు గ్రౌండుకి రప్పించడం అయ్యే పని కాదు, ఒప్పుకుంటాను. కానీ బ్యాచ్‌కి 16 మంది చొప్పున రెండు గ్రూపులు పెట్టి, నాలుగు బ్యాచ్‌లు వరసగా అదే పని చేస్తే నాలుగేళ్లకి 64, 64 అవుతారు. ప్రతి విద్యార్థికీ తన భాగం తన ప్రాజెక్టు, డిపార్ట్‌మెంట్‌కి మొత్తం ఒక గట్టి ఫలితం. ఇందుకు డబ్బు అక్కర్లేదు, ఒకే పద్ధతికి కట్టుబడితే చాలు.

ఆ కట్టుబాటే కష్టం. హార్వర్డ్ స్టెప్ టెస్ట్ తీసుకోండి, ఫిట్‌నెస్ కొలవడానికి మన ఫిజికల్ ఎడ్యుకేషన్ ప్రాజెక్టుల్లో విరివిగా కనిపించేది అదే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1943లో, లూసియన్ బ్రూహా హార్వర్డ్ ఫటీగ్ లేబొరేటరీలో తయారు చేశాడు. 20 అంగుళాల బెంచీ, నిమిషానికి 30 సార్లు ఎక్కి దిగాలి, ఐదు నిమిషాలు. తర్వాత కూచుని ఒకటో నిమిషం, రెండో నిమిషం, మూడో నిమిషం పూర్తవగానే అరనిమిషం చొప్పున పల్స్ లెక్కపెట్టాలి. చేసిన సెకన్లను వందతో హెచ్చవేసి, మూడు పల్స్‌ల మొత్తానికి రెట్టింపుతో భాగించాలి. ఉదాహరణకి ఒక కుర్రాడు 300 సెకన్లూ ఆగకుండా చేశాడు, పల్స్‌లు 82, 70, 58 వచ్చాయనుకుందాం, మొత్తం 210. ముప్పై వేలను 420తో భాగిస్తే 71 చిల్లర. 65 నుంచి 79 దాకా సగటు కంటే కాస్త పైన, 80 దాటితే మంచిది, 90 దాటితే చాలా మంచిది. ఇంత సులువు. కానీ ఒక కాలేజీలో బెంచీ 18 అంగుళాలు, ఇంకోచోట స్టేడియం మెట్టే బెంచీ, ఒకరు లయ తప్పకుండా టిక్ టిక్ కొట్టే మెట్రోనోమ్ యాప్ పెట్టారు, ఇంకొకరు చప్పట్లు కొట్టారు. ఒక బ్యాచ్ జనవరి పొద్దున కొలిచింది, ఇంకో బ్యాచ్ ఏప్రిల్‌లో పదకొండు గంటల ఎండలో కొలిచింది. తిరుపతి ఏప్రిల్ ఎండ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, వేడిలో గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కాఫీ తాగొచ్చిన వాడికీ తాగని వాడికీ కూడా తేడా ఉంటుంది. పైగా ఆ 20 అంగుళాలు అమెరికా కాలేజీ కుర్రాళ్ల కాళ్ల పొడుగుకి పెట్టినవి, మన దగ్గర అయిదడుగుల రెండంగుళాల పిల్లవాడు అదే బెంచీ ఎక్కితే వాడి మోకాలు ఎంత పైకి లేవాలో ఆలోచించండి. ఈ వివరాలన్నీ ప్రాజెక్టు రిపోర్టులో ఒక పేజీ నిండా ఉండాలి. మన రిపోర్టుల్లో ఆ పేజీ ఉండదు, బదులుగా "ఆరోగ్యమే మహాభాగ్యం" అని మొదలయ్యే పది పేజీల పరిచయం ఉంటుంది.

రెండు డిపార్ట్‌మెంట్లు కలవాలి అన్నాను కదా. కలవడానికి చోటు ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. 'ఎంత కష్టంగా అనిపిస్తోంది?' అని అడిగి 6 నుంచి 20 మధ్య ఒక అంకె చెప్పించే స్కేలు ఉంది, స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ తయారు చేశాడు. బోర్గ్ సైకాలజిస్టు. చెప్పిన అంకెను పదితో హెచ్చవేస్తే సుమారుగా గుండె వేగానికి దగ్గరగా రావాలని అలా ఆరుతో మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆసుపత్రుల్లోనూ, ట్రైనింగ్ సెంటర్లలోనూ వాడతారు. మనసు చెప్పే కష్టం, గుండె చెప్పే కష్టం, రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి? ఈ ప్రశ్న అడగడానికి తిరుపతి కంటే మంచి ఊరు నాకు తెలియదు.

శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. అలిపిరి దారిలో దాదాపు 3,550. మన పిల్లల్లో చాలామంది శనివారాలు ఎలాగూ ఎక్కుతారు. గోవింద నామాలు చెప్పుకుంటూ గుంపుగా ఎక్కినప్పుడు అలుపు తెలియదని మన ఇళ్లలో అందరూ అంటారు. నిజంగా అలుపు తక్కువా, లేక అలుపు అంతే ఉన్నా అలా అనిపించదా? అదే విద్యార్థి ఒక వారం ఒంటరిగా, ఇంకో వారం గుంపుతో ఎక్కాలి. ఎవరు ముందు ఒంటరిగా ఎక్కాలో చీటీలు తీసి నిర్ణయించాలి, లేకపోతే రెండోసారి అలవాటు వల్ల వచ్చే తేడా ఇందులో కలిసిపోతుంది. ముందే అనుకున్న మెట్టు దగ్గర అర నిమిషం ఆగి, కరోనా టైములో ఇంటింటా కొన్న పల్స్ ఆక్సీమీటర్ పెట్టి పల్స్ చూడాలి, బోర్గ్ అంకె అడగాలి, పట్టిన సమయం రాసుకోవాలి. అదే మనిషిని రెండుసార్లు కొలుస్తున్నాం కాబట్టి తక్కువ మందితోనే చాలా తెలుస్తుంది. ముందుగా టీటీడీ అనుమతి తీసుకోవాలి, దర్శనానికి వచ్చిన భక్తుల్ని ఆపి ఇబ్బంది పెట్టకూడదు, మన పిల్లలే మనకి చాలు. అరవై దాటినవాళ్లు, బీపీ, షుగర్, గుండె జబ్బులు ఉన్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీయే సూచించింది, కాబట్టి ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లతోనే మొదలుపెట్టాలి. ఈ ఒక్క ప్రశ్నను ఐదు బ్యాచ్‌లు చేస్తే, ప్రపంచంలో ఏ జర్నల్‌కైనా ధైర్యంగా పంపొచ్చు.

యూనివర్సిటీ గ్రౌండులో తెల్లవారుజామున చూస్తే కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రాక్టీసు చేసే పిల్లలు కనిపిస్తారు. అబ్బాయిలు 1,600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పూర్తి చెయ్యాలి, అమ్మాయిలకి పదిన్నర నిమిషాలు. ప్రాక్టీసులో ఏడు నిమిషాల్లో పరుగెత్తినవాడు అసలు రోజు టెన్షన్‌తో కూలబడిన కథలు మా తమ్ముడి దగ్గర బోలెడు. రైనర్ మార్టెన్స్ 1977లో తయారు చేసిన పోటీ ఆందోళన పరీక్ష మన థీసిస్‌లలో వందల సార్లు వాడారు, 15 ప్రశ్నలు, అందులో పదింటికే స్కోరు. ఎక్కువగా కాలేజీ కబడ్డీ, వాలీబాల్ టీములకే ఇచ్చారు. జీవితం మొత్తం ఒక్క పరుగు మీద ఆధారపడిన ఈ పిల్లలకి ఇచ్చి, అసలు టైమింగ్‌తో పోల్చి చూస్తే ఎంత ఉపయోగం! బ్రహ్మోత్సవాల్లో మాడ వీధుల్లో వాహనాలు మోసే బేరర్ల అడుగు, భుజం మీద బరువు, వాళ్ల విశ్రాంతి గురించి కూడా ఎవరైనా శ్రద్ధగా కొలిస్తే బాగుండునని నా కోరిక, అది మాత్రం అనుభవం ఉన్న టీచర్ ముందుండి చెయ్యాల్సిన పని.

"ఒకరు చేసిందే మళ్లీ చేస్తే అది రీసెర్చ్ ఎలా అవుతుంది?" అని అడిగేవాళ్లకి 2015 నాటి సంగతి చెప్పాలి. సైకాలజీలో అచ్చయిన 100 అధ్యయనాలను ప్రపంచంలోని పరిశోధకులు కలిసి మళ్లీ చేసి చూశారు, సైన్స్ పత్రికలో వచ్చింది. మొదటిసారి 97 శాతం అధ్యయనాల్లో తేడా ఉందని తేలింది, మళ్లీ చేస్తే 36 శాతంలోనే తేలింది. ఆటల సైకాలజీకి మొదలుగా చెప్పే పని కూడా ఇందుకు మినహాయింపు కాదు. నార్మన్ ట్రిప్లెట్ 1898లో, పక్కన పోటీ ఉంటే సైకిల్ పందెగాళ్లు వేగంగా తొక్కుతున్నారని గమనించి, పిల్లలతో చేపల గాలం చక్రాలు తిప్పించి పరీక్షించాడు. వందేళ్లు దాటాక ఆ డేటాను ఇప్పటి లెక్కలతో మళ్లీ చూస్తే తేడా అనుకున్నంత బలంగా లేదు. దానివల్ల ట్రిప్లెట్ గొప్పతనం తగ్గలేదు. ఆయన తన కొలతలన్నీ అచ్చు వేశాడు కాబట్టే వందేళ్ల తర్వాత ఇంకొకరు లెక్కవేసి చూడగలిగారు. మన బీరువాలోని ప్రాజెక్టుల్లో సగటులు, టీ-విలువలు తప్ప అసలు డేటా ఎక్కడుంది? పిల్లవాడి పెన్‌డ్రైవ్‌లో ఉండేది, ఇప్పుడు ఆ పెన్‌డ్రైవే లేదు.

ఎవరిని కొలుస్తున్నాం అన్నది కూడా ముఖ్యమే. ప్రముఖ సైకాలజీ జర్నల్స్‌లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం మంది పాశ్చాత్య సంపన్న దేశాలవాళ్లేనని, ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతమేనని 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు గట్టిగా ఎత్తిచూపారు. వ్యాయామ శాస్త్రంలో ఇంకో లోటు, 2014లో లెక్కతీస్తే ఆ అధ్యయనాల్లో ఆడవాళ్లు 39 శాతమే. మహిళల కోసమే 1983లో పెట్టిన యూనివర్సిటీ మన ఊళ్లో ఉంది. నెలసరి రోజుల్లో అలుపు ఎలా మారుతుంది, రక్తహీనత ఉన్న అమ్మాయి బెంచీ ఎక్కితే పల్స్ ఎలా దిగుతుంది, ఈ ప్రశ్నలు మన అమ్మాయిలు మన అమ్మాయిల మీద ఏటా చెయ్యగలిగినవి. వేరే ఎవరో వచ్చి చేస్తారని ఎందుకు ఎదురుచూడాలి?

నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. డిప్రెషన్ మీద ప్రాజెక్టు అంటే చాలామంది పీహెచ్‌క్యూ-9 వాడతారు. తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 దాకా స్కోరు. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనలు వస్తున్నాయా అని. హాస్టల్లో కాగితాలు పంచి, సాయంత్రం కట్టగట్టి తెచ్చుకుని, నెల తర్వాత కంప్యూటర్లో ఎక్కిస్తారు. తొమ్మిదో ప్రశ్న దగ్గర "దాదాపు ప్రతిరోజూ" అని టిక్కు పెట్టిన అమ్మాయి ఆ నెల రోజులూ ఏమైంది? నాకు తెలిసిన ఒక కాలేజీలో ఈ ప్రశ్న అడిగితే "పేర్లు రాయించలేదు మేడం, కాన్ఫిడెన్షియల్" అన్నారు. పేరు దాచడం మంచిదే, కానీ సాయం అడిగిన చెయ్యిని కూడా దాచేస్తే ఎలా? ఇలాంటి క్వశ్చనీర్ వాడేవాళ్లు అదే రోజు, అక్కడే, తొమ్మిదో జవాబు చూడాలి. కోడ్ నంబరు ద్వారా ఆ మనిషిని చేరుకునే దారి గైడ్ దగ్గర మాత్రమే ఉండాలి, ఆ సంగతి సమ్మతి పత్రంలో ముందే రాసి ఉండాలి. కాగితం అడుగున ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 అచ్చు వెయ్యాలి. కౌన్సెలర్ ఎవరో, ఏ రోజు ఉంటారో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఇవన్నీ చెయ్యలేకపోతే ఆ క్వశ్చనీర్ ముట్టుకోకూడదు, వేరే టాపిక్ చాలా ఉన్నాయి.

తేడా రానప్పుడు ఏం చేస్తారన్నది ఇంకో పరీక్ష. పన్నెండు వారాలు కష్టపడ్డ పిల్లవాడికి "సిగ్నిఫికెంట్", అంటే లెక్కల్లో నిలిచే తేడా, రాకపోతే మొహం వాడిపోతుంది, గైడ్ కూడా "ఇంకోసారి చూడు, ఎక్కడో తప్పు ఎక్కించి ఉంటావు" అంటారు. ఆ "ఇంకోసారి"లో అంకెలు ఎలా మారతాయో అందరికీ తెలుసు. దీనికి మందు ముందే వేసుకోవాలి. డేటా తీసే ముందే, ఏం కొలుస్తాం, ఎంతమందిని, ఏ టెస్టు వాడతాం, ఏం వస్తుందనుకుంటున్నాం, ఇవన్నీ ఒక పేజీలో రాసి, తేదీ వేసి, గైడ్, విద్యార్థి సంతకాలు పెట్టి డిపార్ట్‌మెంట్ రిజిస్టర్లో అతికించాలి. వైవాలో ఆ పేజీకి మార్కులుండాలి, ఫలితానికి కాదు. "తేడా రాలేదు" అని నిజాయితీగా రాసిన పిల్లకి మంచి మార్కులు పడితే చాలు, తర్వాతి బ్యాచ్ వాళ్లు భయం లేకుండా అంకెలు ఉన్నవి ఉన్నట్టు రాస్తారు.

ఇక పేర్ల గొడవ. విద్యార్థి ఎండలో నిలబడి పల్స్ లెక్కపెడతాడు, రెండేళ్ల తర్వాత గైడ్ పేరుతో పేపర్ వస్తుంది, విద్యార్థి పేరు చివర్లో కృతజ్ఞతల్లో కూడా ఉండదు. టీచర్లకి ప్రమోషన్ల ఒత్తిడి ఉంది, అర్థం చేసుకుంటాను. పీహెచ్‌డీకి ముందు పేపర్ అచ్చవ్వాలన్న నిబంధనని 2022లో యూజీసీ తీసేసింది, అయినా డబ్బు కట్టి వేయించుకునే జర్నల్స్ మీద మోజు తగ్గలేదు. ఆలోచన ఇచ్చి, డేటా తీసి, రాయడంలో పాలుపంచుకున్నవాళ్ల పేరు ఉండాల్సిందే. నాలుగు బ్యాచ్‌ల డేటా కలిపి రాసిన పేపర్ మీద పదిహేను పేర్లుంటే నష్టమేంటి? పేర్ల వరస కూడా ఆ రిజిస్టర్ మొదటి పేజీలోనే రాసుకుంటే తర్వాత మనస్పర్ధలు రావు.

"ఇదంతా నడిపించేదెవరక్కా? గెస్ట్ లెక్చరర్లు ఏడాదికోసారి మారిపోతుంటే" అని మా తమ్ముడు అడిగాడు. న్యాయమైన అనుమానమే. ఖాళీ పోస్టులు ఎన్నేళ్లుగా ఖాళీగా ఉన్నాయో చూస్తూనే ఉన్నాం. అందుకే ఇది ఒక మనిషి మీద నిలబడకూడదు. బెంచీ ఎత్తు, కొలిచే వేళ, సమ్మతి పత్రం నకలు, ఖాళీ డేటా షీటు, పాత బ్యాచ్‌ల అసలు అంకెలు పేర్లు తీసేసి, ఇవన్నీ ఒక ఫైల్లో డిపార్ట్‌మెంట్లో ఒకటి, లైబ్రరీలో ఒకటి ఉండాలి. వెళ్లిపోయే బ్యాచ్ వచ్చే బ్యాచ్‌కి ఒక పూట గ్రౌండులో నిలబడి నేర్పించాలి, ఇద్దరూ అదే మనిషి పల్స్ విడివిడిగా లెక్కపెట్టి అంకెలు కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి, కలవకపోతే కలిసేదాకా మళ్లీ లెక్కపెట్టాలి. కొత్త లెక్చరర్ జూన్‌లో చేరినా ఆ ఫైలు తెరిస్తే జులైలో పని మొదలుపెట్టగలగాలి. మా కాలేజీలో ఈ ఏడాది స్టెప్ టెస్ట్‌తో, బోర్గ్ స్కేలుతో ఆ ఫైలు మొదలుపెడుతున్నాం. తిరుపతిలోగానీ, చిత్తూరు, పుత్తూరు, మదనపల్లెలోగానీ ఇంకో కాలేజీ ఇదే బెంచీ ఎత్తుతో చేస్తామంటే మా డేటా షీటు, సమ్మతి పత్రం ఇచ్చేస్తాం, అలాగే వాడుకోవచ్చు.